మొవ్వు మీద మార్కర్ గీత

జనవరి 19, ఆదివారం

సంక్రాంతికి ఊరెళ్ళి పదకొండు రోజులకు తిరిగొచ్చాం. బెంగళూరు రామమూర్తి నగర్‌లో బస్సు దిగి, ఇల్లు చేరి, బ్యాగులు హాల్లో పడేసి బాల్కనీ తలుపు తీస్తే అరెకా పామ్ ఎండుగడ్డి రంగులో ఎదురైంది. వెళ్ళేటప్పుడు మనిషెత్తున గుబురుగా ఉండేది. ఇప్పుడు ముప్పాతిక వంతు ఆకులు వేలాడిపోయాయి.

దగ్గరికెళ్ళి చూస్తే మచ్చలన్నీ ఒకే రకం కావు. గాలి కొట్టే వైపు ఆకుల చివర్లు మాడిన అప్పడం అంచులా పెళుసుగా ఉన్నాయి, వేలు తగిలితే విరిగిపోతున్నాయి. లోపలివైపు ఆకుల మీద మాత్రం వేడినీళ్ళు చిందినట్టు ముదురు రంగు తడి మచ్చలు. మొదటిది పొడిగాలి పని, రెండోది చలి పని అని లెక్క వేసుకున్నాను.

బాల్కనీలో వేలాడే చిన్న డిజిటల్ థర్మామీటర్ అతి తక్కువ ఎంతకు దిగిందో గుర్తు పెట్టుకుంటుంది. 11.9 చూపిస్తోంది. బెంగళూరుకు ఇదేం పెద్ద చలి కాదు. ఈ ఊళ్ళో నమోదైన అతి తక్కువ 7.8 డిగ్రీలు, 1884 జనవరి 13న. అయితే ఆ రికార్డులు మనకు గానీ మొక్కకు కాదు. దీని సొంతూరు మడగాస్కర్ తూర్పు తీరం. అరెకా అంటే వక్కే, కానీ పేరులో ఉన్నంత మాత్రాన ఇది వక్క చెట్టు కాదు. కొన్న రోజున అమ్మ వీడియో కాల్‌లో చూసి “వక్కలు ఎన్నాళ్ళకి కాస్తాయే” అని అడిగింది. నర్సరీ అతను “కడియం సరుకు మేడం” అన్నాడు. కోనసీమలోని మా అంబాజీపేటకు గంటన్నర దూరంలో గోదావరి ఉక్కపోతలో పెరిగి, లారీ ఎక్కి, తొమ్మిది వందల మీటర్ల ఎత్తున్న ఊరికి వచ్చిందన్నమాట. నాలాగే.

ఎదురింటి ఆంటీకి తాళంచెవి ఇచ్చి వెళ్ళాను. ఆవిడది కోలారు, తెలుగు బాగా వచ్చు. “దినం ఒక మగ్గు పోశానమ్మా, ఒక్క దినం కూడా తప్పలేదు” అన్నారు. కుండీ పక్కకు జరపబోతే కదల్లేదు. లోపలి ప్లాస్టిక్ కుండీని పైకెత్తి చూస్తే బయటి పింగాణీ కుండీలో నాలుగు వేళ్ళ లోతు నీళ్ళు, అందులో దోమ పిల్లలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఆ తెల్ల పింగాణీ కుండీ నా షోకు. దానికి కింద కన్నం లేదు. ఆత్రేయపురం పూతరేకుల డబ్బా ఆంటీ చేతిలో పెట్టి థాంక్స్ చెప్పాను. ఇంకేమంటాను? మగ్గు ఆవిడదైనా కుండీ నాది.

జనవరి 20

పొద్దున్నే బాబాయ్‌కి ఫోన్ చేశాను. ఆయనకు రెండెకరాల కొబ్బరితోట.

“మొవ్వు పట్టుకుని లాగి చూశావా అమ్మాయ్?”

“లేదు బాబాయ్. ఆకులన్నీ పోయాయి.”

“ఆకులు పోతే పోనీ. ముందు మొవ్వు చూడు.”

కొబ్బరైనా తాడైనా అరెకా అయినా కాడకు పెరిగే చోటు ఒక్కటే, నడినెత్తిన. అక్కడి నుంచి వచ్చే ఆకు ముందు విచ్చుకోకుండా ఈటెలా నిలబడుతుంది. అదే మొవ్వాకు. మామిడి కొమ్మ కొట్టేస్తే పక్క నుంచి ఇంకో చిగురు వస్తుంది. తాటిజాతికి ఆ సౌకర్యం లేదు. నెత్తి కుళ్ళితే ఆ కాడ పని అయిపోయినట్టే. అరెకా గుంపుగా పెరుగుతుంది కాబట్టి ఒక కాడ పోయినా మిగతావి ఉంటాయి, అదొక్కటే ఊరట.

మొత్తం తొమ్మిది కాడలు. ఒక్కోదానికి పేపర్ టేపు చుట్టి అంకె వేశాను. తర్వాత ఒక్కో మొవ్వునూ రెండు వేళ్ళతో పట్టుకుని, పాలపన్ను కదుపుతున్నంత మెల్లగా పైకి లాగాను. ఒకటి, రెండు గట్టిగా ఉన్నాయి. మూడోది ఏ అడ్డూ లేకుండా చేతిలోకి వచ్చేసింది. పైన జానెడు పచ్చగానే ఉంది, అడుగున రెండంగుళాలు ఉడికిన ములక్కాడ లోపలి పీచులా మెత్తగా, గోధుమ రంగులో ఉంది. వాసన చూశాను. చూడాల్సింది కాదు. మురుగుకాలవ మూత తీసినట్టుంది. ఐదు, ఎనిమిది కూడా అంతే. మిగతా ఆరూ కదల్లేదు.

“మూడు ఊడాయి బాబాయ్” అంటే, “మొవ్వుకుళ్ళే” అన్నాడు, జ్వరం అన్నంత మామూలుగా. కోనసీమలో ఈ మాట తెలియని రైతు ఉండడు. 1900ల మొదట్లో గోదావరి డెల్టాలో తాటిచెట్లు ఇలాగే వరసగా పోతుంటే బట్లర్ అనే తెల్లదొర వచ్చి పరిశీలించి, దాని గురించి 1910లో నివేదిక రాశాడు. దానికి కారణమైన క్రిమికి ఈనాటికీ ఆయన పెట్టిన ‘పామివోరా’ మాటే నడుస్తోంది. తాటిని తినేది అని అర్థం. నా కుండీలో ఉన్నది అదేనా, చలికి చచ్చిన కణాల మీద చేరిన మామూలు కుళ్ళా అన్నది చూసి చెప్పలేం. రెండింటికీ చేయాల్సిన మొదటి పని ఒకటే: నెత్తిన తడి లేకుండా చూడటం.

జనవరి 22

మందుల షాపులో దొరికే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ తెచ్చి, మొవ్వు ఊడిన మూడు గుంటల్లో ఒక్కో చెంచా పోశాను. బుసబుసా నురగ వచ్చింది. నురగ ఆగాక దూదితో అద్ది, సాయంత్రం కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకు 3 గ్రాముల లెక్కన కలిపి అన్ని నెత్తుల్లోనూ పోశాను. రెండు వారాల తర్వాత ఇంకొక్కసారి, అంతటితో సరి. రాగి కుండీ మట్టిలో పేరుకుంటే వేర్లకే చేటు.

రాత్రిళ్ళు హాల్లో పెడుతున్నాం. మా ఆయన దీనికి ‘అల్లుడుగారు’ అని పేరు పెట్టాడు.

జనవరి 26, ఆదివారం

నిజానికి దెబ్బతిన్న పామ్‌ను కుండీ మార్చకూడదు. ఉన్న వేర్లూ తెగుతాయి. కానీ మట్టి వారమైనా ఆరలేదు, కింది కన్నాల దగ్గర ముక్కు పెడితే అదే మురుగు వాసన. ఇక తప్పలేదు.

బాల్కనీలో పాత ఫ్లెక్సీ పరిచి కుండీని పడుకోబెట్టి తట్టాను. మట్టి ముద్ద అచ్చుపోసినట్టు ఊడింది. నర్సరీ ఎర్రమట్టి తడిసి తడిసి బంకయ్యింది. మగ్గుతో నీళ్ళు పోస్తూ వేళ్ళతో కడిగితే గంటన్నర పట్టింది. పైవరస వేర్లు మీగడ రంగులో, గట్టిగా, గోరు గుచ్చితే పుటుక్కుమనేలా ఉన్నాయి. కింది సగంలోవి ముదురు గోధుమ రంగు. ఒక దాన్ని పట్టి లాగితే పైపొర తొడుగులా ఊడి నా వేళ్ళలో ఉండిపోయింది, లోపల సన్నటి దారం మాత్రం మొక్కకు వేలాడుతోంది. అలా ఊడిందంటే ఆ వేరు చచ్చి చాలా రోజులైనట్టే. సుమారు సగం వేర్లు అలాగే పోయాయి.

అప్పుడు అర్థమైంది. చలి ఒక్కటే అయితే ఆకులు మాడి ఊరుకునేది. మట్టి చల్లబడితే వేర్లు నీళ్ళు పీల్చడం బాగా తగ్గిపోతుంది. తాగని వాళ్ళకు రోజూ మగ్గు మగ్గు పోశాం. కింద కన్నం లేని కుండీలో ఆ నీళ్ళు నిలిచాయి, గాలి ఆడక వేర్లు కుళ్ళాయి. వేర్లు లేని మొక్క పైన ఆకులకు నీళ్ళు అందించలేదు. అందుకే చూడటానికి ఎండిపోయినట్టుంది. ఎండిందనుకుని ఇంకో మగ్గు పోస్తాం. నేనున్నా అదే చేసేదాన్నేమో.

ఇంకో సంగతి. పిలకలనుకున్న తొమ్మిది కాడలూ ఒక్క మొక్కవి కావు. కడిగితే ఏడు విడి మొక్కలు తేలాయి. త్వరగా గుబురుగా కనిపించాలని నర్సరీలో ఒకే కుండీలో బోలెడన్ని గింజలు వేస్తారు. మొవ్వు ఊడిన మూడూ మధ్యలోవే, మట్టి అందరికంటే ఆలస్యంగా ఆరే చోటువి. ఐదో నంబరు మొదలు నొక్కితే వేలు దిగిపోయింది, దాన్ని వేర్లతో సహా తీసేశాను. మూడు, ఎనిమిది మొదళ్ళు గట్టిగా ఉన్నాయి. వాటిని వదిలేశాను. మిగతావాటిని విడదీయలేదు. ఇంత జరిగాక ఇంకా విడదీస్తే బతికేవీ బతకవు.

చచ్చిన వేర్లు కత్తిరించాక పాత కుండీ పెద్దదైపోయింది. ఒక సైజు తక్కువది తీసుకున్నాను, వేర్లు తక్కువున్నప్పుడు పెద్ద కుండీలో మళ్ళీ తడి నిలుస్తుంది. ఉప్పు పోయేలా రెండుసార్లు కడిగిన కోకోపీట్ రెండు వంతులు, జల్లించిన ఎర్రమట్టి ఒక వంతు, పెర్లైట్ ఒక వంతు. ఎం-సాండ్, అంటే రాయి నలిపి చేసే ఇసుక, వద్దనుకున్నాను, దాంట్లో పొడి తడిస్తే సిమెంటులా పట్టేస్తుంది. మొదలు ముందు ఎంత లోతులో ఉందో అంతే లోతు. నేల టైల్స్ చల్లగా కొడుతున్నాయని కింద రెండు ఇటుకలు.

పింగాణీ కుండీలో ఇప్పుడు గొడుగులు పెడుతున్నాం.

ఫిబ్రవరి 2

ఈరోజు చేసిన పని ఐదు నిమిషాలే గానీ ఈ డైరీకి ప్రాణం అదే. పామ్ బతికుందో లేదో పైకి చూస్తే తెలియదు. చచ్చిన మొవ్వు కూడా నెల రోజులు పచ్చగా నిలబడుతుంది. అందుకని మొవ్వు మీదా, దాని పక్కనే ఉన్న ముదురు ఆకు కాడ మీదా ఒకే ఎత్తులో సన్నటి మార్కర్‌తో అడ్డగీత గీశాను. ముదురు ఆకు కాడ ఇక పెరగదు. మొవ్వు కింది నుంచి జరుగుతుంది కాబట్టి, బతికుంటే దాని మీది గీత పైకి వెళ్ళాలి. స్కేలు పెట్టి తేడా కొలవడమే.

ఫిబ్రవరి 9

అన్నింటికీ సున్నా.

ఫిబ్రవరి 16

రెండో కాడ 1 మిల్లీమీటరు. గీత మందమే అంత ఉంటుంది, నమ్మను.

మా ఆయన ఏదో ‘గ్రోత్ బూస్టర్’ సీసా తెచ్చాడు. పోయనివ్వలేదు. సగం వేర్లతో ఉన్నదానికి ఎరువు వేయడమంటే జ్వరం దిగని మనిషికి బిర్యానీ పెట్టడమే. సీసా సింకు కింద ఉంది. ఎండిన ఆకులు కత్తిరించే విషయంలోనూ గొడవే. హాల్లో చీపురు కట్టలా ఉంది, ఎవరైనా వస్తే బాగుండదంటాడు. పూర్తిగా ఎండినవాటిని తీసేశాను. సగం పచ్చగా ఉన్నవాటిని ముట్టుకోనివ్వలేదు. పామ్ తన పాత ఆకుల్లోని పొటాష్‌ను వెనక్కి లాగి కొత్త ఆకుకు పంపుతుంది. ఆ పాత ఆకు కోసేస్తే దాని పై ఆకులో నుంచి లాగుతుంది, అదీ పసుపెక్కుతుంది. పైగా మిగిలిన ఆ కాస్త పచ్చదనమే ఇప్పుడు దానికి అన్నం వండేది. మాడిన భాగం వరకు కత్తెరతో ఏటవాలుగా కత్తిరించాను. పచ్చ అంచుకు తగలకుండా గోధుమ గీత సన్నగా వదిలాను, లేకపోతే కోసిన చోట మళ్ళీ మాడుతుంది.

ఫిబ్రవరి 26, శివరాత్రి

శివరాత్రికి చలి ‘శివశివా’ అంటూ పోతుందంటారు. ఇక్కడ పోవడమేమిటి, మధ్యాహ్నం అప్పుడే 32. రాత్రి 18 కంటే దిగలేదు. ఇంట్లోకి, బయటికి మోసే పని తప్పింది.

రెండో కాడ 4, ఏడో కాడ 3, ఒకటి, తొమ్మిది చెరో 2 మిల్లీమీటర్లు. స్కేలు రెండుసార్లు పెట్టి చూసుకున్నాను. అర్ధరాత్రి జాగారం చేస్తూ టార్చితో మళ్ళీ చూశాను, కొంచెం అతి అని తెలుసు.

మార్చి 9

పెరుగుతున్నవాటికి కూడా చివర్లు మాడుతూనే ఉన్నాయి. చలి లేదు, తడి ఎక్కువ లేదు. కుండీ అంచు మీద తెల్లటి పొర చూసి అనుమానం వచ్చింది. పక్క బ్లాక్ అబ్బాయి దగ్గర టీడీఎస్ మీటర్ (నీళ్ళలో కరిగిన ఉప్పులు ఎంతో చూపేది) తెచ్చి కొలిచాను. మా బోరు నీళ్ళు 780. నేను పోస్తున్న బకెట్ 1340.

ఆ బకెట్ ఆర్‌ఓ యంత్రం వదిలేసే నీళ్ళది. 2024 వేసవిలో ఊరంతా నీళ్ళకు కటకటలాడింది. తాగే నీళ్ళు మొక్కలకూ కార్లకూ వాడితే 5,000 రూపాయల జరిమానా అని ఆ మార్చిలో జలమండలి ప్రకటించింది. అప్పటి నుంచి ఆర్‌ఓ వృథా నీళ్ళు పట్టి మొక్కలకు పోయడం మా అపార్ట్‌మెంట్‌లో అందరికీ అలవాటు. మంచి పని చేస్తున్నామనే అనుకున్నాం. ఆర్‌ఓ వడకట్టి తీసేసిన ఉప్పంతా చేరేది అందులోనే కదా. నేల తుడవడానికీ బాత్రూమ్‌కీ బాగానే ఉంటుంది. అరెకాకు ఉప్పు పడదు.

ఇకనుంచి బియ్యం, పప్పు కడిగిన నీళ్ళు, అదీ మొదటి కడుగుడు కాకుండా రెండోది. చాలకపోతే కావేరి ట్యాంకరు వచ్చిన రోజు పట్టుకున్నవి. పేరుకున్న ఉప్పు పోవాలని ఇవాళ కుండీని బాత్రూమ్‌లో పెట్టి మంచి నీళ్ళు కింద నుంచి ధారగా పోయేదాకా మెల్లగా పోశాను. గంటసేపు ఒడకట్టనిచ్చి బయట పెట్టాను.

మార్చి 21

ఆకుల అడుగున ఎర్రనల్లి. పొడి ఎండకు ఇది రావడం మామూలే. తెల్ల కాగితం పట్టి ఆకును తడితే పడే చుక్కలు నడుస్తున్నాయి. రెండ్రోజులకోసారి పొద్దున్నే స్ప్రేతో ఆకుల అడుగు కడుగుతున్నాను, నెత్తిలో నీళ్ళు నిలవకుండా కుండీని వంచి. మందు అక్కర్లేకపోయింది.

మార్చి 30, ఉగాది

రెండో కాడ మొవ్వు విచ్చుకుంది! పచ్చడి కలిపి, బాల్కనీలోకి వెళ్ళి చూస్తే ఆకు సగం తెరుచుకుని ఉంది. అందంగా మాత్రం లేదు. పై మూడో వంతు ఈనెలు మాడి, ముడతలు పడి, ఎలుక కొరికినట్టున్నాయి. కింది భాగం లేత పచ్చగా, శుభ్రంగా ఉంది. జనవరిలో ఈ ఆకు ఇంకా కాడ లోపల, వేలెడంత ఉండి ఉంటుంది. ఆ దెబ్బ అప్పుడు తగిలింది, కనిపించింది ఇప్పుడు. మాడిన గీత ఎక్కడ ఆగిందో అక్కడ మా ప్రయాణం అయిపోయినట్టు లెక్క.

ఫొటో పంపితే అమ్మ, “పోన్లే, పండగపూట చిగురేసింది” అంది. బాబాయ్ మాత్రం “దీని తర్వాతది చూడు” అన్నాడు.

ఏప్రిల్ 13

మూడో నంబరు పోయింది. మొదలు మెత్తబడింది. నేలమట్టానికి కోసి, కోత మీద పసుపు, కాపర్ పొడి కలిపి రాశాను. పసుపు ఎందుకంటే అమ్మ రాయమంది, అంతే.

ఐదు కాడల్లో కదలిక ఉంది, వారానికి 20 నుంచి 45 మిల్లీమీటర్లు. ఇప్పుడు తినగలదనిపించి మొదటిసారి ఎరువు: రెండు గుప్పిళ్ళ వర్మీకంపోస్ట్, కుండీ అంచు వెంబడి చెంచాడు సల్ఫేట్ ఆఫ్ పొటాష్. రైతులు వాడే ఎర్రటి మ్యూరియేట్ రకం వద్దనుకున్నాను, దాంట్లో క్లోరైడ్ ఎక్కువ. చిటికెడు మెగ్నీషియం సల్ఫేట్ కూడా. సింకు కింది సీసా అక్కడే ఉంది.

ఎండ కూడా ఒక్కసారిగా పెంచకుండా ఉదయం ఎనిమిదిన్నర దాకానే. తర్వాత పంచె నీడ. పంచె మా ఆయనది, అడగలేదు.

ఏప్రిల్ 27

ఎనిమిదో నంబరు!

మొవ్వు ఊడిపోయి మూడు నెలల పైనే అయింది. గుంటలో ఎండిన పీచు తప్ప ఏమీ లేదు. తీసేద్దామని వంగితే, ఆ పీచు మధ్య నుంచి పెన్సిల్ మొన అంత ఆకుపచ్చ ముక్క. చివర కత్తితో కోసినట్టు మొండిగా ఉంది, ఆకులా లేదు. కుళ్ళు పైన ఆగిపోయి, పెరిగే ముద్ద కింద బతికి ఉందన్నమాట. తర్వాత వచ్చే రెండు మూడు ఆకులు కూడా అవిటిగానే ఉండొచ్చు. గీత గీద్దామంటే పక్కన ముదురు కాడ లేదు. గుచ్చిన అగ్గిపుల్లే గుర్తు.

మే 4

ఎనిమిది: 11 మిల్లీమీటర్లు. నిన్న సాయంత్రం వడగళ్ళ వాన వస్తుందేమోనని లోపలికి లాగాం. వాన మాత్రమే వచ్చింది. మళ్ళీ బయట పెట్టి తడవనిచ్చాను. ఇటుకల కింద నుంచి నీళ్ళు పోయాయి.

మే 11, ఆదివారం

రెండో కాడ రెండో ఆకు మొదలు నుంచి చివరిదాకా శుభ్రంగా తెరుచుకుంది. 61 సెంటీమీటర్లు. ఒక్క మచ్చ లేదు. పక్కనున్న జనవరి ఆకు వల్ల ఇది ఇంకా పచ్చగా కనిపిస్తోంది. తొమ్మిదిలో మిగిలినవి ఏడు. అందులో నాలుగో నంబరు ఇప్పటికీ సున్నాయే, లాగితే ఊడదు, గీత కదలదు. దాన్ని ఏమీ అనడం లేదు.

రేపు రాత్రి బస్సుకు మళ్ళీ ఊరు. మామయ్యగారి కొడుకు పెళ్ళి, వారం రోజులు. తాళంచెవి పట్టుకుని ఎదురింటికి వెళ్ళాను. ఎలా చెప్పాలా అని రెండు రోజులుగా టెన్షన్. మాటల్లో వద్దనుకుని ఆంటీని బాల్కనీలోకి పిలిచి, ఐస్‌క్రీమ్ పుల్ల మట్టిలో వేలెడు లోతు గుచ్చి, తీసి చూపించాను. పుల్లకు తడి మట్టి అంటుకుంది.

ఆంటీ పుల్ల తీసుకోలేదు. కొంగు దోపుకుని చూపుడువేలు మట్టిలోకి రెండో కణుపు దాకా దించారు. కాసేపు అలాగే ఉంచి, తీసి, బొటనవేలితో రాసి చూసుకున్నారు.

“ఇంకా తడుందమ్మా” అన్నారు. “ఎల్లుండి చూసి పోస్తా. ఆ గొడుగులున్న కుండీ లోపల పెట్టుకో, దోమలు వస్తాయి.”